‘పంపడమైనది’: ఒక సర్కారు వాక్యానికి ప్రతిపదార్థం

మా అరుగు మీద రెండు కాగితాలున్నాయి. గాలికి లేచిపోకుండా వాటి మీద బూడిద ఇటుక ముక్క ఒకటి పెట్టాను. మొదటి కాగితం మా పెదనాన్న మనవడిది. వాడు చిల్లకల్లు బయట, హైవేకి ఆనుకుని, బూడిద ఇటుకలు పోస్తాడు. బూడిద ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ది, సిమెంటు మన జగ్గయ్యపేటదే. యూనిట్ పెట్టినందుకు రావాల్సిన పెట్టుబడి రాయితీ మంజూరైందని కాగితం చేతికొచ్చింది గానీ, డబ్బు ఖాతాలో పడలేదు. అదేమిటని పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబు ఇది. రెండో కాగితం మా వీధి ఆడవాళ్లది. పదకొండు మంది, కొందరు సంతకం చేసి, కొందరు వేలిముద్ర వేసి ఇచ్చిన అర్జీకి జవాబు. ప్రభుత్వాసుపత్రిలో షుగరు మాత్రలు నెల పొడుగునా ఉండటం లేదని, సాయంత్రం పూట డాక్టరు ఉండే ఏర్పాటు చేయమని ఆ అర్జీ సారాంశం. అర్జీలు రెండూ రాసిపెట్టింది నేనే. బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఊళ్లో అర్జీ రాయించుకోవాలంటే నా అరుగే ఎక్కుతారు.

శాఖలు వేరు, సంతకాలు వేరు, స్టాంపు సిరా రంగు కూడా వేరు. లోపలి వాక్యం మాత్రం ఒకటే.

“తమ అర్జీ పరిశీలనలో ఉన్నది. నిధుల లభ్యతను బట్టి, నిబంధనల మేరకు, తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారులకు పంపడమైనది.”

“ఏంది బాబాయ్, వచ్చినట్టా, రానట్టా?” అని అడిగాడు మావాడు. చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పినవాణ్ణి, రెండు ముక్కల వచనానికి తాత్పర్యం చెప్పలేకపోవడం నాకే చిన్నతనంగా అనిపించింది. అందుకని కావ్యానికి చేసే మర్యాదే దీనికీ చేద్దామని, పదం పదం విడదీసుకుని కూర్చున్నాను.

‘తమ అర్జీ’

‘తమ’ అనడం మర్యాదే, కాదనను. ఆ పక్కనున్న ‘అర్జీ’ దగ్గరే చిక్కు. నవాబుల కచేరీల నుంచి దిగివచ్చిన మాట అది. విన్నపమని అర్థం. విన్నవించుకునేవాడు ‘ఇవ్వండి’ అనడు, ‘ఇప్పించ ప్రార్థన’ అంటాడు. నేనూ అలాగే రాశాను, అలవాటు చొప్పున. రాయితీ మంజూరు చేసింది ప్రభుత్వమే. మాత్రలు ఉచితమని గోడ మీద రాయించిందీ ప్రభుత్వమే. అలాంటప్పుడు అడిగింది బాకీనా, దానమా? అర్జీ అనగానే బాకీ కాస్తా దానం అయిపోతుంది. తప్పు సగం నాదే.

అర్జీలు తీసుకునే రోజు సోమవారం. ఆ సోమవారం పేరు 2019లో ‘స్పందన’, 2023 మేలో ‘జగనన్నకు చెబుదాం’, ఇప్పుడు ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’. జనం నోట్లో మాత్రం మొదటి నుంచీ ‘గ్రీవెన్సే’. పోర్టల్లో ఎక్కించి నంబరిస్తారు. ఫలానా రోజుల్లోగా జవాబు పోవాలన్న గడువు అధికారి మెడ మీద ఉంటుంది. గడువు మంచిదే. కాకపోతే గడువులోగా వెళ్లాల్సింది జవాబు, పని కాదు. పై వాక్యం వెళ్లినా లెక్కలో అది జవాబే. ఆ సాయంత్రమే ఫోనుకు మెసేజీ వస్తుంది, మీ సమస్య పరిష్కారమైందని. మా వీధి ఆవిడ ఒకరు ఆ మెసేజీ చదివించుకుని, “మాత్రలొచ్చినయ్యంటయా మాస్టారూ?” అని సంచీ పట్టుకుని బయల్దేరబోయింది.

‘పరిశీలనలో ఉన్నది’

ముందు మాట పరిశీలనలో ఉందంటుంది. చివరి మాట పంపేశామంటుంది. ఇంట్లోనే ఉన్నాడు, ఊరెళ్లాడు అన్నట్టుంది. ఇది రాసినవారికీ ఆ కాగితం ఎక్కడుందో తెలియదని దీన్నిబట్టే తెలుస్తోంది.

మావాడి విషయంలో పరిశీలన అయిపోయి చాలా కాలమైంది. పరిశ్రమల శాఖవాళ్లు వచ్చారు, ఇటుకల మిషను ముందు వాణ్ణి నిలబెట్టి ఫోటో తీసుకున్నారు, బిల్లులు చూశారు, కరెంటు మీటరు నంబరు రాసుకున్నారు. ఆ తర్వాతే జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన కూర్చునే కమిటీలో రాయితీ మంజూరైంది. అన్నీ చూసి మంజూరు చేశాక ఇంకా పరిశీలించాల్సింది ఏముంది?

మాత్రల సంగతికి పరిశీలన ఇంకా తేలిక. బీరువా తలుపు తీస్తే చాలు. అదీ అక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రుల మందులు రాష్ట్ర వైద్య సేవల, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ కొంటుంది. సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచి పీహెచ్‌సీ దాకా నిల్వల లెక్క ‘ఈ-ఔషధి’ అనే కంప్యూటర్ పద్ధతిలో ఉంటుంది. ఏ మాత్ర ఎన్ని ఉన్నాయో విజయవాడలో కూర్చుని చూడొచ్చు. మా వీధివాళ్లు వెళ్లే చోట ఫార్మసిస్టు పది మాత్రల స్ట్రిప్పును కత్తెరతో మధ్యకు కత్తిరించి ఇస్తోంది. అలా కత్తిరించిన ముక్క నేను చూశాను. ఐదు మాత్రలు. వెనక రేకు మీద తయారీ తేదీ ఒక ముక్కలో, గడువు తేదీ రెండో ముక్కలో ఉండిపోయాయి. ఉన్నవి అందరికీ సర్దాలని ఆ అమ్మాయి పడే పాట్లు అవి, ఆమెను అనడానికేం లేదు. కత్తెర ఆ బీరువాలోకి ఎందుకొచ్చిందో పరిశీలించాల్సింది పైవాళ్లు.

‘నిధుల లభ్యతను బట్టి’

వాక్యానికి ప్రాణం ఈ మాటే. మిగతావన్నీ దీని చుట్టూ కట్టిన గోడలు.

మంజూరు, విడుదల, చెల్లింపు. తెలుగువాడికి ఈ మూడింటి తేడా చెప్పనక్కర్లేదు. ధాన్యం అమ్మినవాడికి, కాంట్రాక్టు చేసినవాడికి, స్కాలర్‌షిప్పుకు పెట్టిన పిల్లవాడికి బాగా తెలుసు. పరిశ్రమల రాయితీల్లో ఈ మూడింటి మధ్య ఏళ్లు గడిచిపోతాయి. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, అప్పటి ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు ‘రీస్టార్ట్’ పేరుతో 1,110 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అందులో 905 కోట్లు పాత రాయితీ బకాయిలే, 2014-15 నుంచి పేరుకుపోయినవి. ఇచ్చారు, సంతోషం. కానీ బాకీ తీర్చడాన్ని ప్యాకేజీ అన్నప్పుడే తెలుస్తుంది, ఆ డబ్బును సర్కారు ఏ కంటితో చూస్తోందో. ప్రభుత్వం మారింది, 2024-29కి కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది, రాయితీల డబ్బు ఎస్క్రో ఖాతాలో వేసి ఇప్పిస్తామని 2025లో చెప్పారు. ఎస్క్రో అంటే మధ్యవర్తి దగ్గర మూట ఉంచడం. ఇచ్చేవాడు మనసు మార్చుకోకుండా ఉండటానికి. ప్రభుత్వం తన మాటకు తానే మధ్యవర్తిని పెట్టుకోవాల్సి వచ్చిందంటే, పాత బాకీల ముచ్చట వేరే చెప్పాలా?

కేంద్రం వారి స్వయం ఉపాధి పథకం ‘పీఎంఈజీపీ’ 2008లో మొదలైంది. దాన్ని ఖాదీ కమిషన్ నడుపుతుంది. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. సబ్సిడీ డబ్బు లోను నడుస్తుండగానే బ్యాంకుకు వచ్చి, లబ్ధిదారు పేర మూడేళ్ల డిపాజిట్టుగా కూర్చుంటుంది. పల్లెలో బీసీ కుర్రాడు పది లక్షల యూనిట్ పెడితే మూడున్నర లక్షలు. దాని మీద వడ్డీ ఇవ్వరు, అంత మేరకు లోను మీద వడ్డీ కట్టించుకోరు. మూడేళ్లయ్యాక యూనిట్ నడుస్తోందో లేదో చూసి జమ వేస్తారు. ఆ తనిఖీకీ ఆలస్యాలు లేకపోలేదు. అయినా డబ్బు ముందొచ్చి తనిఖీ తర్వాత వస్తుంది. రాష్ట్రం రాయితీలో తనిఖీ ముందు, డబ్బు దైవాధీనం. మావాడు ఆ రాయితీ వస్తుందని నమ్మి బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ వడ్డీ ఏ పద్దులోనూ కనపడదు.

ఆరోగ్యం వైపు ఇదే కథ ఇంకో వేషంలో ఉంటుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేరు మారి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, మళ్లీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. బోర్డు రాసేవాళ్లకు మాత్రం బకాయి లేకుండా గిట్టుబాటై ఉంటుంది. ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బిల్లులు రావడం లేదని 2024 మేలో ఒక ప్రభుత్వం ఉండగా, 2025 అక్టోబరులో ఇంకో ప్రభుత్వం ఉండగా సేవలు ఆపేశాయి. ఆ ఆసుపత్రుల సంఘం పొట్టి పేరు ‘ఆశా’. మా ఊరి ఆశా కార్యకర్త అది విని, “మా జీతాలకోసం కూడా ఓసారి ఆపమనండి” అంది. సేవ ఆగినప్పుడు విజయవాడ దాకా వెళ్లి, కార్డు చూపించి, తిరిగొచ్చినవాళ్లు నిధుల లభ్యత అంటే ఏమిటో నాకంటే బాగా వ్యాఖ్యానిస్తారు.

సరే, నిధులు నిజంగానే లేవనుకుందాం. మా ప్రాంతంలో ఆ మాట అనడానికి ఇంకొంచెం ధైర్యం కావాలి. ఎందుకంటే మా కింద సున్నపురాయి ఉంది. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ, బూదవాడలో అల్ట్రాటెక్. జగ్గయ్యపేట మండలం ఒక్కదాంట్లోనే ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం గని ఉన్న జిల్లాలో ఒక ఖనిజ నిధి ఉండాలి. డీఎంఎఫ్ అంటారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో పోయినవైతే 10 శాతం ఆ నిధికి కట్టాలి. సున్నపురాయికి 2014లో పెట్టిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. అంటే పాత లీజు గనిలో తవ్విన ప్రతి టన్నుకూ 24 రూపాయలు. పాతిక టన్నుల లోడుకు 600. టీ తాగుతూ కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు, బండికి ఆరు వందలు. ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, కాలుష్యం వంటివాటికే పెట్టాలని 2015 సెప్టెంబరు మార్గదర్శకాలు చెప్పాయి. గని వల్ల దుమ్ము తిన్న ఊళ్లకే ముందు ఖర్చు పెట్టాలనీ చెప్పాయి. నిధికి అధ్యక్షుడు కలెక్టరు. కాబట్టి మా వీధివాళ్ల అర్జీకి జవాబులో ‘నిధుల లభ్యతను బట్టి’ అన్నచోట ఒక అంకె రాయవచ్చు. ఈ మండలం నుంచి ఇంత వచ్చింది, ఇంత దీనికి పోయింది, ఇంత మిగిలింది అని. అంకె రాయకుండా లభ్యత అంటే, జేబులో చెయ్యి పెట్టకుండానే చిల్లర లేదనడం.

‘నిబంధనల మేరకు’

ఏ నిబంధన? ఈ ప్రశ్న వేస్తే సగం జవాబులు తడబడతాయి. నిబంధన అనే మాట మన వైపు తిప్పి చూపించడానికే పుట్టిందని మనకో నమ్మకం. సర్కారును కట్టేసే నిబంధనలూ ఉన్నాయి. మచ్చుకు ఒకటి చెబుతాను.

నందిగామ వైపు నాకు తెలిసినాయన ఒకరున్నారు. ఒక ప్రభుత్వాసుపత్రిలో రోగులకు భోజనం పెట్టే కాంట్రాక్టు తీసుకున్నారు. పొద్దున పాలు, బ్రెడ్డు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, గుడ్డు, మజ్జిగ. మొదటి మూడు నెలలు పెరుగే పోశారట. బిల్లు రాలేదు. నాలుగో నెల మజ్జిగ చేశారు. ఆరో నెలకు ఆ మజ్జిగలో గిన్నె అడుగు కనపడేది. ఆయనే చెప్పారు, తలొంచుకుని. “ఏం చెయ్యమంటారండీ, పాలవాడు నా దగ్గర రోజూ పట్టుకెళ్తాడు డబ్బు.” చిన్న వ్యాపారికి అండ, స్థానిక వైద్యసేవ అని మనం రెండు ఖాతాలు రాసుకుంటాం. ఆ గిన్నెలో రెండూ ఒకటే ఖాతా. వ్యాపారి బిల్లు ఆలస్యమైతే బాలింత మజ్జిగ పలచబడుతుంది.

ఇప్పుడు నిబంధన చూడండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర సరుకో సేవో తీసుకున్నవాడు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా, అదీ ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా, డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. కొన్నది ప్రభుత్వమైనా సరే. ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది, 2017 నుంచి ‘సమాధాన్’ అనే ఆన్‌లైన్ దారి ఉంది. నేను నందిగామ ఆయనకు ఇది చెప్పాను. ఆయన నవ్వారు. “చక్రవడ్డీ అడిగితే వచ్చే ఏడు కాంట్రాక్టు ఎవరిస్తారండీ?” చిన్న సంస్థగా నమోదైనట్టు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆయనకుంది. చట్టం ఆయన పక్షానే ఉంది. అడిగే నోరు మాత్రం వచ్చే ఏటి టెండరు దగ్గర తాకట్టులో ఉంది.

ఆరోగ్యానికీ లెక్కలున్నాయి. మైదాన ప్రాంతంలో 5 వేల మందికో ఉపకేంద్రం, 30 వేల మందికో పీహెచ్‌సీ, లక్షా ఇరవై వేల మందికో 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలని జాతీయ ప్రమాణం. 2023 ఏప్రిల్లో రాష్ట్రం ఫ్యామిలీ డాక్టరు పద్ధతి మొదలుపెట్టినప్పుడు, పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లుంటారని, ఒకరు అక్కడ ఉంటే ఇంకొకరు 104 బండితో ఊళ్లకు వస్తారని చెప్పింది. పద్ధతి మంచిది. ఇద్దరూ ఉన్నప్పుడు. ఒకరు సెలవులోనో డెప్యుటేషన్‌లోనో ఉంటే ఊరికెళ్లాలా, కుర్చీలో కూర్చోవాలా అన్నది నిబంధనలో లేదు.

‘తగు చర్య నిమిత్తం’

‘తగు’ ఎవరికి తగినది? మన తెలుగులో ఈ మాటకు ఎంత సొగసుందో అంత జారుడుతనమూ ఉంది. తగవు, తగని, తగిన శాస్తి. ఎటైనా వంగుతుంది.

పెద్ద పెట్టుబడులకు ఏది తగునో మన ప్రభుత్వాలకు స్పష్టంగా తెలుసు. ముఖ్యమంత్రి అధ్యక్షతన పెట్టుబడుల ప్రోత్సాహక మండలి కూర్చుంటుంది, భూమి ధర, కరెంటు ధర, పన్ను వాపసు, అన్నీ తేదీలతో సహా ఉత్తర్వులో ఉంటాయి. 2025లో విశాఖలో టీసీఎస్‌కు ఇరవై ఒక్క ఎకరాల చిల్లర 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చారు. ఉద్యోగాలొస్తాయంటే నేనేం కాదనడం లేదు. అంత స్పష్టమైన తెలుగు, లేదా ఇంగ్లీషు, ఆరుగురు కూలీలున్న ఇటుకల యూనిట్‌కు రాసే జవాబులో ఎందుకుండదని మాత్రమే.

పోల్చి చూడటానికి వేల్స్ అనే దేశం ఉంది, బ్రిటన్‌లో పడమటి పక్క. అక్కడి జనాభా దాదాపు 31 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి కృష్ణా జిల్లా జనాభా 45 లక్షలు. అంటే మన పాత జిల్లాకన్నా చిన్నది. వ్యాపారాల సహాయం, వైద్యం రెండూ అక్కడి ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. అందుకే ఆ ముచ్చట నాకు నచ్చింది. 2017 చివర్లో వాళ్లు ఒక షరతు పెట్టారు. ప్రభుత్వ సాయం కావాలన్న సంస్థ ఒక ఆర్థిక ఒప్పందం చేసుకోవాలి. పనివాళ్లకు న్యాయమైన కొలువు, వాళ్ల ఆరోగ్యం, కాలుష్యం తగ్గింపు వంటివాటిలో నేనేం చేస్తానో రాసివ్వాలి. సాయం ఊరికే కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. 2023 ఏప్రిల్ నుంచి వైద్య సంస్థల మీద ఇంకో బాధ్యత పెట్టారు. చికిత్సలో రోగికి అనుకోని హాని జరిగితే సంస్థే ముందుగా చెప్పి, క్షమాపణ కోరాలి. రోగి అడిగేదాకా ఆగకూడదు. ‘తగు’ అనే మాటకు వాళ్లు అర్థం రాసిపెట్టుకున్నారు, అంతే తేడా.

‘సంబంధిత అధికారులకు’

బహువచనం గమనించండి. ఒకరు కాదు. అందుకే ఎవరూ కాదు.

మా వీధి ఆడవాళ్ల అర్జీని పట్టుకుని నేను ఒక పటం గీశాను. ఊళ్లో ఉన్నది ఉపకేంద్రం. దాని బోర్డు విలేజ్ హెల్త్ క్లినిక్ అయింది, మళ్లీ ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అయింది. అది, పీహెచ్‌సీ జిల్లా వైద్యాధికారి కింద ఉంటాయి. జగ్గయ్యపేట, నందిగామల్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రులు ఆ కొమ్మ కావు. వాటిది వేరే కొమ్మ, 1986 చట్టంతో పుట్టిన వైద్య విధాన పరిషత్తు నుంచి వచ్చింది. విజయవాడ పెద్దాసుపత్రి బోధనాసుపత్రి, వైద్యవిద్య సంచాలకుల కిందిది. 108 బండి నడిపేది ప్రైవేటు సంస్థ. మందులు కొనేది కార్పొరేషను. కార్డు మీద ఆపరేషనుకు డబ్బిచ్చేది ట్రస్టు. ఆసుపత్రి ఊడ్చే మనిషి ఏజెన్సీ మనిషి. ఒక్క షుగరు రోగి చిల్లకల్లు నుంచి విజయవాడ దాకా డెబ్బై కిలోమీటర్లు పోయేలోపు ఇన్ని రాజ్యాలు దాటుతుంది. కాలు పుండు ఆమెకు ఒక్కటే.

ఒక్క మేలు జరిగింది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక కలెక్టరాఫీసు విజయవాడకొచ్చింది. అంతకుముందు మచిలీపట్నం వెళ్లాలంటే మాకు రానూపోనూ ఒక పగలు పోయేది.

సంబంధిత అధికారి ఎవరన్న ప్రశ్న ప్రాణం మీదికి రావడం మేం కళ్లారా చూశాం. 2021 మే 10. కరోనా రెండో అల. హైదరాబాదుకు వెళ్తున్న ఆంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపేశారు. మా వైపు గరికపాడు చెక్‌పోస్టు, అటు కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డు. ఆసుపత్రిలో పడక ముందే ఖాయమైనట్టు కాగితం చూపితేనే వదులుతామన్నారు. ఆక్సిజన్ సిలిండరు మీటరు ముల్లు తగ్గుతూ ఉంటుంది, బండి కదలదు. ఆంధ్ర అధికారులు తెలంగాణ వారిని అడగమన్నారు, తెలంగాణ వారు ఆసుపత్రిని అడగమన్నారు. మర్నాడే తెలంగాణ హైకోర్టు గట్టిగా ప్రశ్నించింది. అయినా తెలంగాణ ప్రభుత్వం ముందస్తు అనుమతి ఉండాలంటూ ఉత్తర్వు ఇచ్చింది. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఆ నాలుగైదు రోజులు హైవే మీద ‘సంబంధిత’ అనే మాటకు అర్థం ఎవరి దగ్గరా లేదు.

వేల్స్‌లో స్థానిక వైద్యానికి ఏడు ఆరోగ్య మండళ్లున్నాయి. పీహెచ్‌సీ లాంటిదీ, పెద్దాసుపత్రీ ఒకే మండలి కింద. ఉత్తరాన ఉన్న బెట్సీ కాడ్వాలడర్ మండలి పని బాగాలేదని 2015లో ప్రభుత్వం దాన్ని బహిరంగంగా ‘ప్రత్యేక చర్యల’ కింద పెట్టింది, 2020లో తీసేసింది, 2023 ఫిబ్రవరిలో మళ్లీ పెట్టింది. అంటే పేరు పెట్టి చెప్పినంతమాత్రాన జబ్బు నయం కాలేదు. ఆ పొగడ్త నేను చెయ్యను. కానీ వాళ్ల శాసనసభ సెనెడ్‌లో సభ్యుడు లేచి ఆ మండలి గురించి అడిగితే, జవాబు చెప్పాల్సిన మంత్రి ఎవరో అందరికీ తెలుసు. అడిగిందీ చెప్పిందీ రికార్డులో ఉంటుంది. మన శాసనసభలోనూ ప్రశ్నోత్తరాల సమయం ఉంది. నక్షత్రం గుర్తు ప్రశ్నకు మంత్రి నోటితో చెప్పాలి, గుర్తులేని ప్రశ్నకు రాతపూర్వకంగా ఇవ్వాలి. మా అర్జీ అక్కడిదాకా ఎక్కలేదు. ఎక్కించవలసినవారికీ ఒక ప్రతి పంపాను.

‘పంపడమైనది’

ఈ క్రియకు కర్త ఎవరని బడిలో అడిగితే పిల్లవాడు బిక్కమొహం వేస్తాడు. నేను పంపాను, మేం పంపాం, ఫలానావారు పంపారు. తెలుగులో ఇన్ని దారులుండగా కచేరీ భాష ‘అడమైనది’ అనే దారి పట్టింది. పని జరుగుతుంది, చేసినవాడు ఉండడు. వాన పడింది అన్నట్టే. ఎవరు, ఎప్పుడు, ఎంత అన్న మూడూ మాయం.

జగ్గయ్యపేట ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనం ఒకటి సుమారు 1700 ఏళ్లనాటిది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏట, సిద్ధార్థుడనే శిల్పి స్తూపం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడని అందులో ఉంది. తండ్రి పేరుంది. ఎవరి మేలు కోరి నిలబెట్టాడో ఉంది. ఎవరు, ఎప్పుడు, ఎన్ని, ఎక్కడ. ఒక పనివాడు తన పనికి రాసుకున్న లెక్క. అదీ మా సున్నపురాయి మీదే చెక్కాడు. ఇంత సిమెంటు తీసే ఊళ్లో ఇప్పుడు ఒక్క జవాబు కాగితం మీద ఆ నాలుగు వివరాలు పట్టడం లేదు.

అందుకని ఈసారి అర్జీ రాయలేదు. సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు రాశాను. ‘ప్రార్థన’ అనే మాట లేకుండా, అదీ మొదటిసారి. మొదటిదాంట్లో: రాయితీ మంజూరు ఉత్తర్వు నంబరు ఇదీ, దీనికి బడ్జెట్ విడుదల ఉత్తర్వు వచ్చిందా, వస్తే తేదీ ఏది, రాకపోతే మా జిల్లాలో మంజూరై చెల్లించనివి ఎన్ని, మొత్తం ఎంత, చెల్లింపు వరస ఏ పద్ధతిలో. రెండోదాంట్లో: గడిచిన ఆరు నెలల్లో షుగరు, బీపీ మాత్రలు నెలవారీ ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇచ్చారు, నిల్వ సున్నా అయిన రోజులు ఎన్ని, మంజూరైన డాక్టరు పోస్టులు ఎన్ని, అందులో ఉన్నవారెందరు. మూడోది కూడా ఒకటి కలిపాను, జిల్లా ఖనిజ నిధిలో జగ్గయ్యపేట మండలం నుంచి వచ్చిందెంత, ఆరోగ్యానికి ఖర్చుపెట్టిందెంత అని. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, నచ్చకపోయినా మరో 30 రోజుల్లోగా అప్పీలు.

“పంపావా బాబాయ్?” అని మావాడు నిన్న అడిగాడు. పంపాను రా, నేనే పంపాను, సోమవారం స్పీడ్ పోస్టులో, అన్నాను.

మీ ఇంట్లోనూ ‘పంపడమైనది’ అని ముగిసే కాగితం ఒకటి ఉండే ఉంటుంది. చింపి పారేయకండి. దాని కుడివైపు పైన ఒక నంబరు, ఒక తేదీ ఉంటాయి. దరఖాస్తులో ముందు రాయాల్సినవి అవే.